వీధి చివర ఓడ

ఈమధ్య హోటళ్లలో ఇడ్లీ అడిగితే చట్నీలు మూడు రంగుల్లో తెచ్చి పెడుతున్నారు. ఎరుపొకటి, తెలుపొకటి, ఆకుపచ్చదొకటి. చిన్న చిన్న కప్పుల్లో వరసగా పేర్చి ఎదురుగా పెట్టేసరికి, నాలా చూపు కాస్త మందగించినవాడు జెండా అనుకుని లేచి నిలబడాలేమోనని ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఆ మూడూ కలిపినా నేతిలో తడిపిన చెంచాడు కారప్పొడి పెట్టు కావు. పొడి ఉందా అని అడిగితే సర్వరు నా వంక చూసిన చూపులో జాలి ఉంది కాని పొడి లేదు.

ఈ ఫిర్యాదు నాకు కలిగింది కిందటి నెల, విశాఖపట్నంలో, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక హోటల్లో. ఎదురుగా మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, కూర్చున్నాడు. స్టీలుప్లాంటులో రిటైరై గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నాడు. అతనికి రంగులతో పేచీ లేదు. తన మూడు చట్నీలూ, నా మూడు చట్నీలూ ముగించి, ఏటి బావా తినవేటి అన్నాడు. నేను తినకపోవడానికి కారణం ఇడ్లీ కాదు, వాళ్ల నాన్న క్యారేజీ. అది చెబితే పొద్దున్నే ఇద్దరం ఇబ్బంది పడతామని ఊరుకున్నాను.

ఆ క్యారేజీ సంగతి నా వయసువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన రైలు పోయే దారిలో ఏ ఊళ్లో చుట్టం ఉంటే ఆ ఊరి ప్లాట్‌ఫారం మీదికి అన్నం క్యారేజీ రావడం ఆ రోజుల్లో మామూలు. అయితే వేరే ఊళ్లలో చుట్టాలు పరిగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి గిన్నెలు తోసి, కుశలప్రశ్న సగంలో ఉండగానే మాయమైపోయేవారు. విశాఖపట్నంలో అలా కాదు. దక్షిణాన్నుంచి వచ్చే బండి ఆ స్టేషన్‌లో ముందుకు పోవడానికి దారి ఉండదు. ముందున్న ఇంజను విప్పి, వెనక వైపు మరో ఇంజను తగిలించి, వచ్చిన దారినే కొంత దూరం వెనక్కి వెళ్లి, అప్పుడు కలకత్తా వైపు తిరగాలి. ఇదంతా అయ్యేసరికి తీరిగ్గా తిని, చెయ్యి కడుక్కుని, వియ్యాలవారి తగాదా ఒకటి పూర్తిగా వినేంత వ్యవధి ఉండేది. మా మామగారు పోర్టులో గుమాస్తా. ఆయన ఈ ఏర్పాటును తన సొంత గొప్పగా చెప్పుకునేవారు. మా ఊరొచ్చినోడు ముందుకెల్లడానికి లేదు బాబూ, ఎదరంతా సముద్రవే, ఎనక్కి తిరగాల్సిందే అనేవారు, ఇడ్లీ మీద కారప్పొడి వేస్తూ.

మాది గుడివాడ దగ్గర పల్లె. ఉద్యోగం బరంపురంలో, ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పడం. సెలవులకు ఇటూ అటూ తిరిగిన ప్రతిసారీ మేమిద్దరం విశాఖపట్నంలో సీట్లు మార్చుకునేవాళ్లం. మా ఆవిడకు బండిలో వెనక్కి తిరిగి కూర్చుంటే కళ్లు తిరిగేవి. అందుకని కిటికీ పక్కన ముఖాలు ముందుకుండే సీటు ఎప్పుడూ ఆవిడది, ఎదురుది నాది. కొత్త ఇంజను వచ్చి తగిలినప్పుడు పెట్టెలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడేవి చూడండి, ఆ కుదుపుకు మేమిద్దరం ఒక్కమాటు లేచి, చెంబూ సంచీతో సహా అటువాళ్లం ఇటు, ఇటువాళ్లం అటు అయ్యేవాళ్లం. తోటి ప్రయాణికులు మేమేదో పోట్లాడుకున్నామనుకునేవారు. ఆ విధంగా నా సంసారమంతా, రైళ్ల వరకు, దాటిపోయినవాటిని చూస్తూ గడిచింది. రాబోయేవి ఆవిడ చూసేది. వంతెన వస్తోందనీ, అరటిపళ్లవాడు నిలబడి ఉన్నాడనీ, ముందుగా నాకు చెప్పేది. జరిగిపోయినవి చెప్పి జీతం తీసుకునేవాడికి అదే తగిన సీటని కూడా అనేది.

ఇక ఓడ సంగతి. మా ఆవిడ చిన్నతనమంతా వన్‌టౌన్‌లో, అంటే పాత ఊళ్లో, కురుపాం మార్కెట్టుకు కాస్త అవతల, ఒక పాత మేడ పైభాగంలో అద్దెకు గడిచింది. మా పెళ్లినాటికి వాళ్లు పోర్టు క్వార్టర్లకు మారిపోయారు కనుక అల్లుడిగా నేను ఎరిగిన అత్తవారిల్లు ఆ క్వార్టరే. ఆ పాత మేడ బాల్కనీలో నిలబడితే వీధి చివర ఓడ నడిచి వెళ్తుందని మా ఆవిడ చెప్పేది. నీళ్లు కనిపించవట. ఇళ్ల కప్పుల మీదుగా, కరెంటు తీగల వెనకాల, ఇంతెత్తు ఓడ ఇటునుంచి అటు, కూరలకు వెళ్తున్న పెద్దావిడలా, నెమ్మదిగా నడిచిపోతుందట. కృష్ణాజిల్లావాడికి పడవ అంటే కాలువలో ఉండాలి. నేను ఊరుకుంటానా? ఆ ఓడ కూడలిలో పోలీసు చెయ్యెత్తితే ఆగుతుందా అని అడిగాను. రిక్షాకు దారి ఇస్తుందా అని అడిగాను. కాలేజీ స్టాఫురూములో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను. మాటల్లో ఆవిడ నాను అన్నప్పుడల్లా నేను అని దిద్దడం ఎలా అలవాటో, ఓడ మాట వచ్చినప్పుడల్లా ఒక కొత్త ప్రశ్న వేయడం అలాగే అలవాటైపోయింది. ఆవిడ నవ్వేది. నవ్వని రోజున కూడా కోప్పడేది కాదు. పోనీ ఒకసారి తీసుకెళ్లి చూపించమంటే మాత్రం ససేమిరా అనేది.

"ఓడలేటి, మీకోసం టైముకొత్తాయా? రాని రోజున తీసుకెల్తే జన్మంతా నవ్వుతారు. నాను తీసుకెల్లను."

ఆవిడ పోయింది. ఇంట్లో నన్ను కాదనేవాళ్లు లేకపోవడంతో ఈమధ్య నేను చెప్పేవన్నీ నిజాలే అయిపోతున్నాయి. అంతకు మించి పెద్ద మార్పులేమీ లేవు. ఇలా ఉండగా బావమరిది ఫోను చేసి, మాటల మధ్యలో, మేం సిన్నప్పుడున్న మేడ పడగొట్టేత్తన్నారు బావా అన్నాడు. అలాగా అన్నాను. ఫోను పెట్టేసి టిక్కెట్టు కొనుక్కున్నాను. ఆ బాల్కనీలోంచి ఒక్కసారి చూడాలి, ఓడ నడుస్తుందో లేదో తేల్చుకోవాలి, అంతే నా పని. ఇది పని అని చెప్పుకుంటే నవ్వుతారని, బావమరిదికి ఊరు చూడాలని ఉందన్నాను.

అది పొరపాటైంది. అతను నిజంగానే ఊరు చూపించాడు. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని, ఫ్లైఓవరు కింద ఒకసారీ పైన ఒకసారీ తిప్పి, జగదాంబ సెంటరు దగ్గర అద్దాల భవంతులన్నీ పేరుపేరునా చూపించాడు. ఎండ కాసే ఊళ్లో ఇన్ని అద్దాలు ఎందుకు పెడతారో నాకు తెలియదు; ఎండ తన మొహం తాను చూసుకుని ఇంకాస్త రెచ్చిపోతోంది. ఒక కూడలిలో స్కూటరు ఆపి, మెట్రో రైలు మద్దిలపాలెం మీంచి ఇలాగొత్తాది అని గాలిలో గీత గీశాడు. నేను ఆ గీత పొడుగునా శ్రద్ధగా చూశాను. ఓ కాకి పోతోంది. అక్క ఉన్నప్పట్నుంచీ వత్తదనే అంతన్నారు అని అతనే అని, స్కూటరు స్టార్టు చేశాడు.

పూర్ణా మార్కెట్టు దాటి కిందికి దిగాక అద్దాలు అయిపోయాయి. సున్నపు గోడలు, గుండ్రటి స్తంభాలు, కమాను గుమ్మాలు, రెక్కలు ఊడిన ఆకుపచ్చ కిటికీలు వచ్చాయి. ఆ మేడ నేను అనుకున్న దానికన్నా చిన్నది, ఆవిడ చెప్పినంత అందమైనదే. కింద తాళ్లూ, ఓడలకు వేసే రంగులూ అమ్మే కొట్టు ఉంది. పైన ఖాళీ. తాళం చెవి కొట్టాయన దగ్గరుంది. అయిదు నిమిషాల్లో దిగిపోతాం అని బావమరిది బతిమాలాడు. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎల్లండి గానీ, రెయిలింగు మీద మాత్రం ఆనకండి బాబూ. అది మీకన్నా ముసిల్ది."

మెట్లు టేకువి. ఒక్కొక్క మెట్టూ మధ్యలో అరిగి దోసిలిలా గుంటపడింది; ఆ అరుగుదలలో కొంత ఆవిడ వాటా. పైన గదుల్లో పావురాల కంపు. బాల్కనీలో నిలబడితే సన్నటి వీధి, చివర రెండు పెంకుటిళ్లు, వాటి వెనక పోర్టు గోడ, దూరంగా యారాడ కొండ. నీళ్లు లేవు. ఓడా లేదు.

అయిదు నిమిషాలు చాలాసేపే పట్టాయి. బావమరిది రెండుసార్లు కిందికి వెళ్లి టీ తాగి వచ్చాడు. మూడోసారి వచ్చి, ఏటి సూత్తన్నావు బావా, ఊరు ఎనక్కాల ఉంది అన్నాడు. అప్పుడు చెప్పాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా పక్కన నిలబడి, రెయిలింగుకు ఆనకుండా, తనూ అటే చూడడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అక్క తనను ఎత్తుకుని చూపించేదని, అది మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం ఎండ పలచబడ్డాక పెంకుటింటి కప్పు మీద మొదట ఒక ఎర్రటి ముక్కు కనిపించింది. ఏ ఇంటివాళ్లో కొత్తగా గోడ కడుతున్నారనుకున్నాను. ఆ గోడ కదిలింది. ఒక కప్పు దాటి రెండో కప్పు మీదికి వచ్చింది. తుప్పు మరకలు, లంగరు, వరసగా కిటికీలు, తెల్లటి అంతస్తులు, పొగగొట్టం, అన్నీ కరెంటు తీగల వెనకనుంచి, ఏ చప్పుడూ లేకుండా, ఎవరికీ అడ్డం రాకుండా వెళ్తున్నాయి. కింద వీధిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. డెక్కు మీద ఒక మనిషి చొక్కా ఆరేసుకుంటున్నాడు. కూరలకు వెళ్తున్న పెద్దావిడ లాగే, అచ్చం అలాగే నడిచింది.

నేను ఎడమ పక్కకు తిరిగాను. ఓడిపోయినవాడు గెలిచినవాళ్ల వైపు తిరగడం మర్యాద. ఎడమ పక్కన పావురాల రెట్టలు పడ్డ గోడ ఉంది. బావమరిది కుడి పక్కన ఉన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఎల్దామా బావా అన్నాడు. పద అన్నాను.

మర్నాడు నన్ను బరంపురం రైలెక్కించడానికి అతను క్యారేజీతో వచ్చాడు. ఇడ్లీ, కారప్పొడి. హోటల్లో నేను ఎందుకు తినలేదో అతనికి అప్పుడే తెలుసన్న మాట. ఇప్పుడు చుట్టాలు ప్లాట్‌ఫారం మీదికి రారు. సీటు దగ్గరికే పొట్లాలు తెచ్చే మనుషులున్నారు. కొన్ని బళ్లయితే వెనక్కి తిరిగే బాధ పడలేక అసలు ఊళ్లోకే రావడం లేదట, దువ్వాడ మీంచే పక్కకు తప్పుకుని పోతున్నాయట. మామగారి గొప్ప అలా సగం పోయింది. తక్కిన సగం ఇంకా ఉన్నట్టుంది: నా బండికి ముందున్న ఇంజను విప్పుతున్నారు.

పెట్టె ఎక్కి సంచీ కింద పెట్టి కూర్చున్నాను. చేతిలో టిక్కెట్టు ఉంది, నంబరు చూసుకున్నాననే అనుకున్నాను. కొత్త ఇంజను తగిలి పెట్టె ఉలిక్కిపడింది. ఎదురుగా, బండి కదిలాక ముఖం ముందుకుండే కిటికీ సీటు ఖాళీగా ఉంది. అటు చూస్తూ, ఓడ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించాను. ముందు ఎర్రటి ముక్కు చెప్పాలా, చొక్కా ఆరేసుకునే మనిషిని చెప్పాలా, లేక ఏమీ చెప్పకుండా, పోలీసు చెయ్యెత్తలేదు అని మాత్రం అని ఊరుకోవాలా. మన కాలంలో ఊళ్లు ఇంత మారాయని అందరూ రాస్తున్నారు. ఊళ్లో ఓడ మారలేదు, వీధి మారలేదు, ఇంజను ఇప్పటికీ వెనక వైపే తగులుతోంది. మారింది చాలా చిన్నది, ఒక సీటు మేరకు.

పలాసకు వెళ్లే ఒకావిడ గంపా సంచీతో ఆయాసపడుతూ వచ్చి నా ముందు నిలబడింది. తన టిక్కెట్టు చూసుకుంది, నా టిక్కెట్టు తీసుకుని చూసింది, ఎదుటి సీటు చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"ఇది నాదండి బాబూ, మీది ఆ ఎదర కిటికీ సీటు. అటెల్లి కూకోండి. అక్కడెవలూ లేరు గదా."