పలకల దిబ్బ మీద మా బావ

మా బావ పోయాడన్న మాట నాకు గిద్దలూరు స్టేషను బయట తెలిసింది. మార్కాపురం నుంచి వచ్చిన, బొగ్గుతో నడిచే బస్సు డ్రైవరు, బస్సు వెనక పొయ్యిని ఎగదోస్తూ, నా వైపు తిరగకుండానే చెప్పాడు.

“మీ బావ పొద్దున పోయినాడంట. మీ చెల్లెలు నిన్ను బిన్నా రమ్మనింది.”

నేను మోటారు సైకిలు మీదే కూర్చుని ఉన్నాను. ఏడుపు రాలేదు. మీరు ఛీ అనుకున్నా సరే, ముందుగా నా మనసులోకి వచ్చిన ఆలోచన చెబుతాను. ఇక మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూసేవాళ్ళు ఉండరు కదా అనుకున్నాను. దుఃఖం ఆ తర్వాత వచ్చింది, దారిలో కంభం దాటాక. ఈ వరస దాచిపెట్టి ఆయన గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అవి అబద్ధాలే అవుతాయి.

ఆయన మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. తర్వాత నా చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి రెండు విధాలా బావే. పలకల గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. రాతి దిమ్మె అంచున ఉలి పెట్టి, చెవి దగ్గరగా వంచి, ఒక్క దెబ్బ వేసేవాడు. పలక పొరలాగా లేచి వచ్చేది. నేనూ అదే గనిలో, అదే ఉలితో పనిచేశాను. నా పలకలు సగం విరిగిపోయేవి. అక్కడ మొదలైంది నా కడుపుమంట.

అసలు మంట మాత్రం సైకిలుది. మిషను బంగళావాళ్ళు పారేసిన పాత సైకిలొకటి ఆయన తెచ్చుకున్నాడు. దానికి బ్రేకుల్లేవు, మడ్‌గార్డుల్లేవు, ఒక పెడలు సగమే ఉంది. ఆదివారం ఆరాధన అయిపోయాక గని కుర్రాళ్ళమంతా దిబ్బ దగ్గర చేరేవాళ్ళం. పనికిరాని రాతి ముక్కలన్నీ ఏళ్ళ తరబడి పోసిపోసి కొండంత అయిన దిబ్బ అది. పందెం ఏమిటంటే సైకిలు మీద దాన్ని ఎక్కాలి, పైన పేర్చి ఉన్న పెద్ద పలకల అంచు వెంబడి పోవాలి, మూల తిరగాలి, దిగాలి. కాలు మాత్రం కింద పెట్టకూడదు. ఎంత ఆలస్యమైనా పర్వాలేదు. కాలు తగిలితే పక్కకు పోయి కూర్చోవాలి.

కాలు తగిలిందా లేదా అని ఎప్పుడూ తగువే. అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ఎక్కే ముందు అరికాళ్ళకు సుద్దపొడి రాసుకోవాలి. నల్లటి రాయి మీద కాలు ఎక్కడ పడినా తెల్లటి గుర్తు పడుతుంది. ఇక వాదన ఉండదు.

ఈ ఆట వేగంగా తొక్కేవాళ్ళది కాదు. వేగంలో చాలా తప్పులు దాగిపోతాయి. ఇక్కడ మనిషి నడకకంటే మెల్లగా పోవాలి, ఒక్కోచోట కదలకుండా నిలబడాలి, అప్పుడు మన భయం మొత్తం భుజాల్లో కనిపిస్తుంది. నా భుజాలు చెవుల దాకా లేచేవి. మా బావ మాత్రం వరండాలో కూర్చున్నవాడిలా ఉండేవాడు. బజారులో సోడా కొట్టు ముందు సైకిలు దిగకుండా, కాలు ఆనించకుండా నిలబెట్టి, సోడా మొత్తం తాగి, సీసా తిరిగి ఇచ్చి పోయేవాడు. కొట్టాయన అందరికీ అదే కథ చెప్పేవాడు. నాకు ఆ కొట్టులో సోడా తాగబుద్ధయ్యేది కాదు.

నాకు నేర్పింది కూడా ఆయనే, అదే నాకు పెద్ద అవమానం. పక్కన నడుస్తూ చెప్పేవాడు.

“హ్యాండిలును అట్ల పిసకబాకు. ఊరికే కనిపెట్టుకోని ఉండు. తొందరపడేది భయం, నువ్వు కాదు.”

“నాకు భయమేంది?” అనేవాణ్ణి.

“నాకైతే ఉంది. నీకు లేకుంటే మంచిదేలే,” అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది. పడిపోతే దుమ్ము దులిపి మళ్ళీ ఎక్కించేవాడు. ఇంటికి పోతే మా అమ్మ, “మీ బావ పుణ్యమా అని నీకూ కొంచెం వచ్చింది” అనేది. మా నాయన ఆ మాట కూడా అనేవాడు కాదు. నేను దిబ్బ ఎక్కే వంతు వచ్చేసరికి బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగేవాడు.

ఒక ఏడాది గని యజమాని శెట్టిగారు, ఊరు విడిచిపోతున్న ఫారెస్టు దొర దగ్గర మోటారు సైకిలు కొన్నాడు. కొన్నాడే గానీ ఎక్కలేకపోయాడు. గనుల నుంచి గిద్దలూరు స్టేషనుకు, అడవిలో చెట్లు కొట్టే కూపులకు కాగితాలు తీసుకుపోయే మనిషి కావాలన్నాడు. అప్పట్లో అక్కడ బాటలంటే వాగులూ బండరాళ్ళే. “దిబ్బ పందెంలో ఎవడు నెగ్గితే వాడికి మోటారు” అని గుమాస్తాతో చాటించాడు. ఆ మోటారంటే మాకు గని దుమ్ములో నుంచి బయటపడే దారి. మా నాయన అప్పటికే కూర్చుని నిద్రపోయేవాడు, పడుకుంటే దగ్గు. అందరికీ తెలుసు ఆ దుమ్ము ఎక్కడికి తీసుకుపోతుందో.

పందెం రోజు తెల్లవారుతుండగా నేను ఒక్కడినే అద్దె సైకిలుతో దిబ్బ దగ్గరికి పోయాను. ఆ రోజు ముందుగా ఎవరూ సాధన చెయ్యకూడదని గుమాస్తా గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను చేశాను. కాలు ఎక్కడ తగులుతోందో తెలుసుకుందామని సుద్ద కూడా రాసుకున్నాను. మూల దగ్గర ఒకసారి తగిలింది. ఎవరో వస్తున్న అలికిడైతే సైకిలు భుజాన వేసుకుని జారుకున్నాను. తర్వాత పనివాళ్ళు వచ్చి తడి గోనెపట్టాతో పలకలన్నీ తుడిచారు.

పన్నెండు మంది ఎక్కారు. చివరికి మా బావా నేనూ మిగిలాం. పలకలు మళ్ళీ తుడిచి, ఇద్దర్నీ చెరో సైకిలు మీద ఒకరి వెనక ఒకరిని పొమ్మన్నారు. ఆయన ముందు, నేను పది గజాల వెనక. పైన మూల దగ్గర రాళ్ళ గుట్ట అడ్డం కాబట్టి కిందివాళ్ళకు మేం కనపడం. అక్కడ ఆయన తిరగడం నేను నా రెండు కళ్ళతో చూశాను. కాలు కదల్లేదు. నేనూ తిరిగాను. తిరుగుతుంటే పలక పక్కన, నీడలో, తెల్లటి కాలి గుర్తు కనిపించింది.

“బావ కాలు పెట్టినాడు!” అని అరిచాను.

నా కళ్ళు చూసింది ఒకటి, నేను నమ్మింది ఇంకొకటి. ఆ గుర్తు ఆయనదే కావాలని నాకు ఎంత ఉందంటే, నేనే రెప్పవేసి ఉంటాననుకున్నాను. గుమాస్తా పైకెక్కి వంగి చూస్తున్నప్పుడు గుర్తొచ్చింది, తెల్లవారుజామున నా కాలు జారింది అక్కడే. తుడిచినవాళ్ళు నీడలో ఉన్న ఆ మూలను రెండుసార్లూ వదిలేశారు. నోరు తెరవడానికి సమయం ఉంది. గుమాస్తా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేంత సమయం. నేను తెరవలేదు.

“ఇది నీదేనా?” అని గుమాస్తా మా బావను అడిగాడు.

ఆయన ఆ గుర్తును చూశాడు. నా కాళ్ళ వైపు చూశాడు. అప్పటికి వారం కిందటే మా చెల్లెల్ని ఆయనకిస్తామని పెద్దలు మాట అనుకుని ఉన్నారు.

“ముందర పోయింది నేనే గదా. నాదే అయ్యుంటాది,” అన్నాడు.

అట్లా నేను మోటారెక్కాను. పద్దెనిమిదేళ్ళు మార్కాపురం, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట అడవి బాటలు తొక్కాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఊళ్ళో దిగితే జనం చుట్టూ చేరేవాళ్ళు. చేరి ఏం అడిగేవాళ్ళో తెలుసా? “మీ బావ బాగున్నాడా?” అని. మోటారు నాకు దక్కింది గానీ పేరు ఆయన దగ్గరే ఉండిపోయింది. కాలు పెట్టి ఓడిపోయినవాడిని జనం ఎందుకు తలుచుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం ఎవరైనా ఆ పందెం సంగతి కదిపితే, “నా కాలికి తెలుసులేబ్బా” అని పనిలో పడిపోయేవాడు. దానికి రకరకాల అర్థాలు తీసి నేను నిద్ర చెడగొట్టుకునేవాణ్ణి. చెల్లెలి కోసం ఊరుకున్నాడా, జాలిపడి ఊరుకున్నాడా? జాలి అయితే ఇంకా మండేది.

ఒక వానాకాలం తర్లుపాడు వైపు వాగులో బండి ఇరుక్కుంది. ఒడ్డు నిండా గుండ్రాళ్ళు. నాలుగుసార్లు ఎక్కించబోయి నాలుగుసార్లూ కాలు దించాను. అటుగా మా బావ, ఎక్కడో చావు పరామర్శకు పోయి, నడిచి వస్తున్నాడు.

“ఒక్కతూరి నన్ను చూడనీ,” అన్నాడు.

ఆయన అంతకుముందు మోటారు ముట్టుకోలేదు. క్లచ్చి ఏది, గేరు ఏది అని అడిగాడు. ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను, పడితే చూద్దామని. పడలేదు. పసిబిడ్డను నడిపించినట్టు ఒక్కో రాయికీ ఆగి, ఆలోచించుకుని, ఎక్కించి ఒడ్డున పెట్టాడు. దిగి, సీటు మీద బురద తన పంచెతో తుడిచి నాకిచ్చాడు.

“సైకిలు కంటే బరువు, అంతే బామ్మర్దీ,” అన్నాడు. దగ్గొస్తే పక్కకు తిరిగాడు. అప్పుడే మొదలైంది ఆ దగ్గు. శెట్టిగారికి ఆ వాగు నేనే దాటించానని చెప్పుకున్నాను.

చివరి రెండేళ్ళూ ఆయన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. నేను పోతే, “ఏ బాటన వచ్చినావు? ఆ బండ దగ్గర ఎడమపక్క పట్టినావా, కుడిపక్కా?” అని అడిగేవాడు. కుడి అంటే కళ్ళు మూసుకుని, “ఎడమ మేలు” అనేవాడు. ఊపిరి అందని మనిషి చెబుతున్నా, మరుసటి రోజు ఎడమ పక్క పోతే అదే మేలుగా ఉండేది. నేను ఆయనకు చాలా రుణపడ్డాను. ఆ సంగతి ఆయన ముందర ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

మూడోనాటి ప్రార్థనకు గనివాళ్ళంతా మా చెల్లెలి ఇంటి ముందు పందిట్లో కూర్చున్నారు. ఉపదేశిగారు ప్రార్థన ముగించారు. ముసలి మేస్త్రీ ఒకాయన నిట్టూర్చి, “ఆ పొద్దు దిబ్బ మీద కాలు పెట్టకపోయింటే మోటారెక్కేటోడు. ఈ దుమ్మూ ఉండేది కాదు, ఈ చావూ ఉండేది కాదు,” అన్నాడు.

మా బావ పెద్దకూతురు, పలకలకు చెక్క చట్రాలు బిగించే పిల్ల, నీళ్ళ చెంబుతో నా ముందు నిలబడింది.

“మామా, చూసింది నువ్వే గదా. నాయన నిజంగానే కాలు పెట్టినాడా?”

ఆ పిల్ల కళ్ళు మా బావవే. నేను లేచి నిలబడ్డాను.

“లేదమ్మా. ఆ గుర్తు నాది. తెల్లారుజామున దొంగతనంగా ఎక్కి నేను పెట్టింది. మీ నాయన కాలు దించలేదు. నేను చూసినాను. చెప్పలేదు.”

గడపలో కూర్చున్న మా చెల్లెలు తలెత్తింది. “ఇప్పుడా అన్నా చెప్పేది?” అంది.

ఎవరైనా నా చొక్కా పట్టుకుంటారనుకున్నాను. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. ముసలి మేస్త్రీ పక్కవాడి భుజం తట్టి, “దించలేదంటరా!” అన్నాడు. “దించలేదా?” “నేను ఆ పొద్దే అంటి, వాడు దించేటోడు కాదని!” పందిరంతా లేచింది. ఒకడు అరచేతిని సైకిలు ముందు చక్రంలా ఎత్తి ఆయన దిబ్బ ఎలా ఎక్కేవాడో చూపిస్తున్నాడు. ఇంకొకడు అట్ల కాదంటూ తన చెయ్యి ఎత్తాడు. పలకలు చీల్చి పగుళ్ళుబారిన చేతులు పది దాకా గాల్లో లేచాయి. నన్ను తిట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. చెబితే నమ్ముతారో లేదో, అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది.

ముసలి మేస్త్రీ నా వైపు తిరిగాడు.

“ఆ మూలన ఎట్ల తిప్పినాడో మాకెవురికీ కనపడలా. ఎనకాల ఉండింది నువ్వొక్కడివే. చూపియ్యప్పా.”

ఎత్తిన చేతులన్నీ దించి అందరూ జరిగి చోటిచ్చారు. నేను పందిరి మధ్యలోకి పోయి, లేని హ్యాండిలు పట్టుకుని, మోకాళ్ళు వంచి, పలక అంచున తిరిగేటప్పుడు మా బావ ఉన్నట్టు నిలబడ్డాను.

“ఇంకొంచెం వంగేటోడు,” అన్నాడు మేస్త్రీ.

వంగాను.

“ఇంకా కిందికి, అన్నా,” అంది గడపలో నుంచి మా చెల్లెలు.

ఇంకా వంగాను.