బరాత్ ముందు మా అత్త

మా మేనత్త పోయింది. కిందటి నెల, వానలు పట్టుకున్న వారంలో. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నా జిరాక్స్ దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఎల్లారెడ్డి నుంచి మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు. "అవ్వ పోయిందిరా" అన్నాడు. "ఎవరి పెండ్లికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఎల్లారెడ్డిలో ఏ వాడకట్టులో పెళ్లి చప్పుడు వినిపించినా మా అత్త ఇంట్లో నిలిచేది కాదు మరి. బావ మెల్లగా చెప్పాడు. "చాయ తాగింది. గోడకు ఒరిగింది. గంతే."

షట్టరు దించేసి బస్సెక్కాను. ఎల్లారెడ్డి దాకా ఏడుపు రాలేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలన్న ఆలోచన మాత్రం ఆ బస్సులోనే వచ్చింది. మా అత్త పేరున్న మనిషేమీ కాదు. బీడీలు చుట్టి బతికింది. మా మామ చిన్న వయసులోనే పోతే కొడుకును ఒక్కతే పెంచింది. అయినా ఇన్నేళ్లలో నేను నోరు తెరిచి, ఉన్నచోటనే ఉండిపోయి చూసిన మనిషి ఆమె ఒక్కతే.

నేను దుకాణం పెట్టిన కొత్తలో, రెండువేల తొమ్మిదిలో, ఆదివారం వచ్చిందంటే ఎల్లారెడ్డికి పోయేవాడిని. అత్త అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ కూర్చునేవారు. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడం అప్పుడు కొత్త మోజు. మా బావ ఫోన్‌ను ఇత్తడి చెంబులో పెట్టేవాడు, చప్పుడు పెద్దగా వినిపించాలని. ఇక లొల్లి మొదలయ్యేది. అసలు తీన్మార్ అంటే ఏది?

తెలియని వాళ్లకు ఒక్క మాట. పెళ్లి ఊరేగింపును మేం బరాత్ అంటాం. ఆ బరాత్‌లో, బోనాల్లో, గణపతి నిమజ్జనంలో మనుషుల్ని ఆగనివ్వకుండా ఎగిరించే మూడు దెబ్బల దరువే తీన్మార్. ఎగరడం అంటే మా దగ్గర డాన్సు చేయడం.

నాది డప్పు పార్టీ. గడ్డి మంట మీద కాచిన తోలు డప్పు మీద దెబ్బ పడితేనే తీన్మార్, మిగతాదంతా నకలు అనేవాడిని. బావది డీజే పార్టీ. "బాక్సులు వెట్టినమంటే దెబ్బ గుండెకాయకు తాకాలె. నీ డప్పు పక్క గల్లీకి ఇనవడదు" అనేవాడు. ఎదురింట్లో ఫొటో స్టూడియో నడిపే అన్న ఒకడు మా ఇద్దరినీ చూసి జాలిపడేవాడు. ఆయన లెక్కలో బ్యాండు మేళంతోనే తీన్మార్ పుట్టింది, బ్యాండు మేళంతోనే పోయింది. ఏ కాలం మంచిది అన్న మాట వచ్చిందంటే ఇక చాయలు చల్లారిపోవాల్సిందే. నేను మా నాన్నల కాలం అనేవాడిని. అత్త బీడీ చివర మడుస్తూ తల ఎత్తకుండానే అడిగేది.

"నువ్వు పుట్టనే లేవు గదరా అప్పుడు? కండ్లార చూసినట్టే చెప్తవు."

అరుగంతా నవ్వేది. నేను ఊరుకునే రకం కాదు కాబట్టి ఇంకా గట్టిగా వాదించేవాడిని.

ఒకసారి స్టూడియో అన్న విసిగిపోయి, "నువ్వే చెప్పు పెద్దమ్మా, ఇగ వీళ్లు తెగనియ్యరు" అని ఆమెనే అడిగాడు. అత్త చెంబులో పాట ఆపమని బావకు సైగ చేసింది. చాట అంచు మీద వేళ్లతో కొట్టి చూపించింది.

"మూడు దెబ్బలు ఎవ్వడన్న కొడ్తడు. మూడో దెబ్బ వడ్డంక జరంత సందు ఉంటది సూడు, ఆ సందుల మనిషి వట్టాలె. పట్టకుంటే అది తీన్మార్ గాదు, ఉత్త లొల్లి."

"మరి మంచి జమానా ఏది?" అన్నాను నేను, వదలకుండా.

"మోకాళ్లు నొయ్యని జమానా ఏదో, ఎవ్వనికైన గదే మంచిది. పో, ఆకు తడుపు."

ఆ రోజు నుంచి నేను ఆమె చేతులు గమనించడం మొదలుపెట్టాను. పాట బాగుంటే చేతులు దానితో పాటే నడిచేవి. దెబ్బ మీద దెబ్బ కుక్కిన పాట వస్తే బీడీ మధ్యలో ఆగిపోయేది, మూతి కొంచెం వంకర పోయేది. కొన్ని డీజే పాటలకు చేతులు ఆగలేదు. అది నాకు మింగుడుపడలేదు, బావకు చెప్పనూ లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. గల్లీలో బరాత్ వచ్చిందంటే అత్త చాట పక్కన పెట్టి లేచేది. అరుగు దిగేది కాదు. లోపలికి పోయి తలుపు రెక్క వెనక నిలబడి, ఆ సందులోంచి చూసేది. ఊళ్లో ఎక్కడ పెళ్లి జరిగినా అంతే, పోయేది, ఎవరి ఇంటి గుమ్మం చాటునో నిలబడేది. జనం అంటే మొహమాటం కాబోలు అనుకున్నాను. ఒకరోజు ఆమె నీళ్లకు లోపలికి పోయినప్పుడు బీడీల వాళ్లలో పెద్దామె నా వైపు వంగి చెప్పింది.

"మీ అత్త ఎగురుడు మీరు సూడలేదు బిడ్డా. ఆమె ముంగట ఉంటే డప్పులోళ్లు ఆపకపోతుండె. మీ మామ వోయినంక మానుకుంది. మొగడు లేని ఆడది బరాత్ ముంగటికి రావద్దంటరు గద."

ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. మా అత్తకు కూడా అది వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. తీన్మార్ మీద అన్ని ఆదివారాలు గొంతు చించుకున్నాం, ఆ వాదనంతా వింటున్న మనిషికి దాని దగ్గరికి పోయే దారే లేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక చాయ తాగకుండానే బస్టాండుకు పోయాను.

రెండువేల పన్నెండులో బావకు బీబీపేట సంబంధం కుదిరింది. బరాత్‌కు ఏం పెట్టాలి? ఇక్కడే మా ఇద్దరి మూర్ఖత్వం బయటపడింది. బావ కామారెడ్డి నుంచి డీజే బండి మాట్లాడాడు. నేను గాంధారి దగ్గరి డప్పుల వాళ్లకు బయానా ఇచ్చాను. ఆఖరుకు వాడే తగ్గుతాడులే అని నేను, వీడే తగ్గుతాడులే అని వాడు. ఎవ్వరం తగ్గలేదు.

పెళ్లి పొద్దున బీబీపేటలో అయింది. పీటల మీద తల్లిదండ్రుల చోట అత్త యారాలు, అంటే తోటికోడలు, తన భర్తతో కూర్చుంది. కొడుకు తాళి కడుతుంటే మా అత్త వంటల దగ్గర, గిన్నెల మధ్య నుంచి మెడ చాపి చూసింది. అక్షింతలు అక్కడి నుంచే వేసింది. అవి వాడి దాకా రాలేదు. ఆ తర్వాత ఇల్లు సర్దాలని అందరికన్నా ముందు ఆటోలో ఎల్లారెడ్డి వచ్చేసింది.

పొద్దు ఇంకా ఉండగానే బరాత్ ఎల్లారెడ్డి బస్టాండు నుంచి బయలుదేరింది. పెళ్లి జీపు ముందు డప్పులు, వాటికి ముందు డీజే బండి. మా గల్లీ మలుపు దగ్గర రెండూ ఇరుక్కుపోయాయి. డీజే అబ్బాయి చప్పుడు పెంచాడు. డప్పుల అన్నలకు రోషం వచ్చి ఇంకా గట్టిగా కొట్టారు. రెండు దరువులు ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే ఎగిరేవాళ్ల కాళ్లు తప్పిపోయి అందరూ ఆగిపోయారు. నేను బావ దోస్తుల గల్లా పట్టుకోబోయాను. వాళ్లూ నాది పట్టుకోబోయారు. జీపులో కొత్త పెళ్లికూతురు బిత్తరపోయి చూస్తోంది.

అప్పుడు వచ్చింది మా అత్త. కొత్త చీర, చేతికి ఇంకా పసుపు. డీజే బండి దగ్గరికి పోయి, "కొడుకా, పాట తియ్యి. దెబ్బ ఒక్కటే ఉంచు" అంది. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో, తీశాడు. డప్పుల వాళ్ల వైపు తిరిగి, "అన్నా, మీరు దాని మీద గాదు, దాని సందుల కొట్టుండ్రి" అని చప్పట్లు కొట్టి చూపించింది. వాళ్లకు అందలేదు. మళ్లీ చూపించింది. చేతులతో చాలక కాలు కూడా వేసింది.

యారాలు జీపు పక్క నుంచి ముందుకు వచ్చింది. అందరికీ వినిపించేలాగే అంది.

"ఏందే ఇది? గింతమంది ముంగట సిగ్గు లేదా? శుభం అశుభం ఉండదా నీకు?"

అత్త కాలు ఆగింది. డీజే దెబ్బ ఒక్కటే పడుతోంది. అత్త యారాలి మొహంలోకి చూసింది.

"నా కొడుకు పెండ్లి అక్కా ఇది. నేను ఎగురకపోతే ఎవ్వలెగురుతరు?"

అని కొంగు తీసి నడుముకు చెక్కుకుంది.

ఆ తర్వాత చూసింది నాకు సరిగా రాయడం చేతకాదు. ఆమె పైకి ఎగరలేదు. చేతులు గాల్లో తిప్పలేదు. చిన్న అడుగులు, భుజాల్లో కొంచెం కదలిక, అంతే. మూడో దెబ్బ పడ్డాక మాత్రం పూర్తిగా ఆగిపోయేది. రెప్ప కూడా వేయకుండా. ఆ ఆగడంలో వీధి మొత్తం ఊపిరి బిగబట్టేది. మళ్లీ ఆమె కాలు కదిపితే గానీ మాకు ఊపిరి ఆడేది కాదు. డప్పుల అన్నలు ఆమె పాదాల మీద నుంచి చూపు తిప్పకుండా కొడుతున్నారు. డీజే అబ్బాయి బండి మీద లేచి నిలబడ్డాడు. మూడేళ్లుగా నేను వాదిస్తున్నది దేని గురించో ఆ సాయంత్రమే మొదటిసారి చూశాను.

చాలాసేపేమీ కాదు. బావ దోస్తులు ఈలలు వేసి మళ్లీ పాట పెట్టించారు. అత్త పక్కకు వచ్చి ఎవరి ఇంటి మెట్ల మీదనో కూలబడి నవ్వింది.

"మోకాళ్లు వోయినయిరా."

"అత్తా, ఇంతకూ డప్పు మంచిగుందా, డీజేనా?" అన్నాను. నా బుద్ధి పోదు కదా.

"నాకు ఏదీ ఇనవడలేదు బిడ్డా. జీపుల నా కొడుకు కనవడ్డడు."

ఆ పనికి ఆమె మూల్యం చెల్లించుకుంది. యారాలు మాట్లాడటం మానేసింది. వాళ్ల మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు అందరినీ పిలిచి ఈమెను పిలవలేదు. ఆ రోజు అత్త చాట ముందు కూర్చుని ఒక్క బీడీ కూడా చుట్టలేదు. అయినా తలుపు వెనక్కు మాత్రం మళ్లీ పోలేదు. ఏ బరాత్ వచ్చినా అరుగు దిగి ముందుకు నడిచేది. మొదట్లో ఒక్కతే పోయేది. తర్వాత బీడీల పెద్దామె కూడా లేచింది, ఆమె కూడా భర్త లేని మనిషే. ఈ జూన్‌లో తెలంగాణ వచ్చిన రోజు ఎల్లారెడ్డి చౌరస్తాలో ఆ అరుగు మీది ఆడవాళ్లంతా ఎగిరారు. అత్త నన్ను కూడా గుంజింది. నాకు రాదని అప్పుడు అందరికీ తెలిసిపోయింది. ఇన్నాళ్లు డప్పు గురించి ఉపన్యాసాలు చెప్పినవాడికి అడుగు పడదని స్టూడియో అన్న ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

అంతలోనే ఈ ఫోన్.

నేను పోయేసరికి అత్తను అరుగు మీదనే పడుకోబెట్టారు. బావ నా దగ్గరికి వచ్చి, "ఏం కొట్టియ్యాలెరా? నువ్వే చెప్పు" అన్నాడు. ఈ విషయంలో వాడు నన్ను అడగడం అదే మొదటిసారి. నేను గాంధారికి ఫోన్ చేశాను. డప్పుల అన్నలు వచ్చారు. చావుకు కొట్టే దరువు వేరు, బరువుగా, ఆగి ఆగి పడుతుంది. వాళ్లు అదే అందుకున్నారు. పాడె లేచింది. నిప్పు కుండ పట్టుకుని బావ ముందు నడిచాడు.

గల్లీ మలుపు దగ్గర ఆడవాళ్లు ఆగిపోవాలి, అది పద్ధతి. ఆగారు. అప్పుడు వాళ్లలోంచి యారాలు బయటికి వచ్చింది. పోయినేడు ఆమె భర్త చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె ఏ పెళ్లిలోనూ కనిపించలేదని విన్నాను. తిన్నగా డప్పుల ముందుకు వచ్చి నిలబడింది.

"ఇది గాదు. నా చెల్లె ఎగిరింది కొట్టుండ్రి."

డప్పుల అన్నలు బావ వైపు చూశారు. బావ తల ఊపాడు. మూడు దెబ్బలు పడ్డాయి.

ఆమెకు ఎగరడం రాదు. జన్మలో ఎన్నడూ ఎగిరి ఉండదు. కాలు ప్రతిసారీ ఆలస్యంగా పడుతోంది. కొంగు జారిపోతుంటే తడబడుతూ నడుముకు చెక్కుకుంది, ఏడుస్తూనే మళ్లీ అడుగు వేసింది. ఎవ్వరూ ఆపలేదు, ఎవ్వరూ నవ్వలేదు. పాడె మోస్తున్న మేం ఆమెను దాటి పోలేక, ఆమె వెనకే చిన్న చిన్న అడుగులు వేశాం.