సవరం పట్టుకున్న అత్త

మా పిల్లిని వైరుబుట్టలో పెట్టుకుని కోవిల్‌పట్టిలో బస్సెక్కితే, కండక్టరు బుట్టలోకి తొంగిచూసి "గుమ్మడికాయా అమ్మా?" అన్నాడు అరవంలో. "అవును, మీసాలున్న గుమ్మడికాయ" అన్నాను. నవ్వింది బస్సంతా, నేను తప్ప. అప్పటికే భుజం పీకుతోంది.

విరుదునగర్‌లో పశువుల డాక్టరు దాన్ని తడిమి, పక్కటెముకలు చేతికి తగలడం లేదన్నాడు. తిండి ఒకేసారి మానిపించకుండా కొంచెం కొంచెంగా తగ్గించాలట, రోజూ పరుగెత్తించాలట. "ఇంట్లో ఏం చేస్తుంటుంది?" అని అడిగాడు.

"మా అత్త ఒళ్లో పడుకుంటుంది."

"ఇంకా?"

ఇంకేముంది? వీధికుక్కల భయానికి దాన్ని గడప దాటనివ్వం. మోకాళ్ల నొప్పితో అత్త కుర్చీ దిగదు. ఇద్దరికీ అదే లోకం.

ఇంటికొచ్చి సంగతి చెప్తే అత్త, "పిల్లి లావుంటే నీకేమే నొప్పి?" అంది.

"మోసింది నేను కదా అత్తా!"

బంతి వేశాను, కాగితం ఉండ చుట్టి వేశాను. పరుగు అవసరం నాకే అన్నట్టు చూసిందది. చివరికి బీరువాలోంచి అత్త పాత సవరం తీసి నేలమీద ఈడ్చాను. పిల్లి చెవులు నిక్కాయి.

"నా జుట్టే అది!" అని అరిచింది అత్త.

"కొన్న జుట్టు."

"కొన్నా నాదే!"

రెండు రోజులు ఆడించాను. మూడోనాడు పిల్లి మీసాలకు పెరుగు మెతుకులు. ఇక ఊరుకుంటానా? కాలేజీలో వాదనకు నిలబడి ఓడిన దాన్ని కాను. రెండు మెట్లెక్కితే రొప్పుతోందని, నువ్వు పెట్టే ఆ పెరుగన్నమే దాన్ని చంపుతుందని అత్త మొహం మీదే అనేశాను.

అత్త పిల్లి వీపు నిమిరింది. "ఒళ్లో ఉన్నదాని ఊపిరి నాకు వినపడదా?" అంది. తర్వాత నెమ్మదిగా, "సన్నబడితే ఇది నా కాడ కూర్చుంటదా?" అంది.

కూర్చుంటుందని అనేయొచ్చు. అబద్ధం నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. లావుగా ఉంది కాబట్టే అది అక్కడుంది. ఆ సంగతి ఇంట్లో అత్త ఒక్కతే గమనించింది.

కాసేపటికి ఆమే చెయ్యి చాచింది. "ఇట్ల తే ఆ సవరం. ఈడ్చేది నీకు చేతకాదు. ఎలుక అట్ల ఉరకదు, ఆగి ఆగి పోతది."

ఆనాటి నుంచి కుర్చీలో కూర్చునే ఆడించింది. పెరుగన్నం మానేసింది. మానేశానని మాత్రం నాతో ఒప్పుకోలేదు.

పోయిన వారం మధ్యాహ్నం పిల్లి కిటికీ గట్టు మీదికి దూకి, అక్కణ్ణుంచి బీరువా మీదికి ఎగిరింది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎక్కలేదక్కడికి. ముడుచుకుని పడుకుంది. పిలిస్తే చెవి మాత్రం కదిపింది.

అత్త ఒళ్లో సవరం ఒక్కటే ఉంది. అది చూడలేక, నేను కుర్చీ పక్కన చతికిలబడి, పొద్దుటి సాంబార్లో ఉప్పు ఎక్కువైందన్న ఆమె మాటను తవ్వి తీసి తగవు మొదలుపెట్టాను.

"మెల్లిగా అరువే," అంది అత్త, బీరువా పైకే చూస్తూ. "అది నిద్రపోతోంది."