ఘాట్ రోడ్డు మలుపులో వెనక్కి తీసుకున్న సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు. పోయిన కోతపండుగ నాడు ఇదే మైకు పట్టుకుని నేనొక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు, పాస్టరు అయ్యగారికైతే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ సాక్ష్యం అబద్ధం. ఈ రోజు దాన్ని వెనక్కి తీసుకుని, దాని బదులు నిజమైనదొకటి చెప్పడానికి నిలబడ్డాను, కాస్త ఓపిక పట్టండి, నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని, గుడ్డ కత్తిరించడమే తెలుసు, మాట కత్తిరించడం రాదు.

ఆరేళ్ళ కిందట వానాకాలంలో పాడేరు వెళ్ళే ఘాట్ రోడ్డులో మేమెక్కిన బస్సుకి ఒక మలుపు దగ్గర మట్టి జారి వెనక చక్రం రోడ్డు అంచు దిగిపోయింది. ఆ చక్రం మీది కిటికీ సీటులో కూర్చున్నది నేనే. కిందకి చూస్తే నేల కనపడలేదు, చెట్ల తలలు కనపడ్డాయి. ఆ డ్రైవరుగారు కేకలు వెయ్యకుండా ఒక్కొక్కరినీ నెమ్మదిగా ముందు డోరులోంచి దింపారు, ఎవ్వరికీ చిన్న గీత కూడా పడలేదు, దేవునికే మహిమ. అందరూ ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని పడుకున్నారు. నేను మాత్రం ఆరేళ్ళ పాటు ఆ బస్సులోంచి దిగలేదు.

దెబ్బ తగిలుంటే బాగుండేది, చూపించుకోడానికి ఒక కట్టైనా ఉండేది. "నీకేటీ అవ్వనేదు కదే, ఇంకా ఏటే ఆ వణుకు?" అని మా ఆయన అడిగేవారు. ఆటో తలుపు పక్కన కూర్చున్నా చెమటలు పట్టేవి. బెల్లం మార్కెట్టుకీ నడకే, గుడికీ నడకే, చోడవరంలో చెల్లెలి కొడుకు పెళ్ళైతే జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను.

మా అమ్మాయి ప్రశాంతిని చింతపల్లి ఇచ్చాం, అల్లుడు అక్కడ బడిలో మేష్టారు. పెళ్ళీ ఇక్కడే చేశాం, పురుడూ ఇక్కడే పోశాం, అంతవరకూ నా గుట్టు దాగింది. మూడో నెలలో బిడ్డనీ బాలింతనీ అత్తారింట్లో దిగబెట్టి రావడం మన ఇళ్ళలో తల్లి చెయ్యాల్సిన పని కదా, సున్నుండల డబ్బాలూ ఉయ్యాలా జీపులోకి ఎక్కించాను, నేను ఎక్కలేకపోయాను. ఒక కాలు పైన పెట్టి, తీసేశాను. "పర్నేదమ్మా, నువ్వు రాగలిగినప్పుడే వద్దువుగాని" అని నా కూతురు నవ్వింది. కోప్పడినా బాగుండును, ఆ నవ్వు నన్ను లోపల్లోపల కోసేసింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఉపవాసం పట్టాను. "ప్రభువా, ముందు ఈ భయం తీసెయ్యి, తీసేసిన మర్నాడే బయల్దేరతాను" ఇదీ నా ప్రార్థన. ఆయనకి నేను పెట్టిన షరతు అది, అప్పుడు నాకది విశ్వాసంలాగే కనపడింది. భయం ఎక్కడికీ పోలేదు, నా ఒళ్ళు మాత్రం సగమైంది.

ఇంతలో కోతపండుగ వచ్చింది. ఒకరికి రోగం పోయింది, ఒకరి ఇంట్లో తాగుడు పోయింది, సాక్ష్యాలు వరసగా వస్తున్నాయి, పాటలు, డప్పులు, నాకు గుండె పొంగిపోయింది. ముందే నోటితో ఒప్పేసుకుంటే దేవుడు తర్వాత చేసేస్తాడులే అనుకున్నాను, మనలో చాలామందికి ఉన్న అలవాటే అది, నవ్వకండి. మైకు అందుకుని "ఆరేళ్ళ భయాన్ని ప్రభువు తీసేశాడు, నేను విడుదల పొందాను" అనేశాను. అంతటితో ఊరుకున్నానా, పై వారం నుంచి పరీక్షలంటే భయమనీ కుక్కలంటే భయమనీ పిల్లల్ని నా దగ్గరకి తీసుకొస్తే తల మీద చెయ్యేసి ప్రార్థన కూడా చేశాను. ప్రార్థన చేసి, మళ్ళీ ఇంటికి నడుచుకుంటూ పోయేదాన్ని.

నాతోపాటు స్త్రీల కూడికలో పాడే కరుణమ్మా రూతూ మీకు తెలుసు, నన్ను అక్క వరసకి అప్పా అని పిలిచే కరుణమ్మకి ఇడ్లీ బండి, రూతు అంగన్వాడీ టీచరు. మే నెల ఎండల్లో ఒక ఆదివారం ఆరాధన అవగానే కరుణమ్మ వచ్చి, "అప్పా, నీ భయం ఎలాగూ పోయింది కదా, మనం ముగ్గురం కొండల మీదున్న ఊళ్ళన్నీ సూసొద్దాం, పాడేరు, సింతపల్లి, లంబసింగి, మస్తాన్ భాయ్ జీపు మాటాడేసేను" అంది. మైకులో చెప్పినదాన్ని కాదని ఇప్పుడెలా అంటాను? సరేనన్నాను. బయల్దేరేలోగా ఉన్న నాలుగు రోజులూ ఏ మిషను మీద ఏం కుట్టానో నాకే తెలీదు, ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టేశాను.

బయల్దేరిన రోజు పొద్దున్నే జీపు మా వీధిలోకి వచ్చింది. మస్తాన్ భాయ్ ముప్పయ్యేళ్ళుగా ఆ కొండలకి బండి తోలుతున్న పెద్దాయన. మాడుగుల దాకా నేల బల్లపరుపే కాబట్టి పాటలు పాడుతూ పళ్ళబిగువున కూర్చున్నాను, అక్కడ ఆగి హల్వా కూడా కొన్నాం. తర్వాత కొండ మొదలైంది. మొదటి మలుపు తిరిగేసరికి నా కుడికాలు మిషను తొక్కినట్టు జీపు అడుగుని తొక్కేస్తోంది, లేని బ్రేకుని వెతుక్కుంటోంది. రెండో మలుపులో నావల్ల కాలేదు. "ఆపండి భాయ్" అని అరిచాను.

దిగి రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, ఆ ఇద్దరి మొహాలూ చూడకుండా మొత్తం కక్కేశాను. నాకు భయం పోలేదు, ఒక్క రోజు కూడా పోలేదు, దేవుని గుడిలో నిలబడి అబద్ధమాడాను, ఇక మీరెళ్ళండి, నేను నడిచి మాడుగుల పోతాను అన్నాను.

కరుణమ్మ చీర కొంగుతో నా మొహం తుడిచి, "మాకు తెల్దేటప్పా? సాచ్చెం సెప్పిన మర్నాడు కూడా ఆటో వద్దని ఎండలో నడిసెల్తన్నావు, నా ఇడ్లీ బండి దగ్గర నుంచే కదా ఎల్తావు, సూడనేటి?" అంది. రూతు నవ్వు ఆపుకోలేక, "నువ్వు సెప్తావని సూసీసూసీ, ఇంక కొండెక్కిత్తే గానీ సెప్పవని జీపు మాటాడించేను" అంది. సహోదరులారా, నేను వాళ్ళని మోసం చేశాననుకుంటే, వాళ్ళే నన్ను మోసుకొచ్చారు.

మస్తాన్ భాయ్ మంచినీళ్ళ సీసా ఇచ్చి, "భయమైతే ఏటమ్మా? ముప్పయ్యేళ్ళ నుంచి నాకూ ఈ మలుపులంటే భయమే. భయం లేనోడు మలుపులో హారను కొట్టడమ్మా. లోయ వైపు కాదు, కొండ వైపు కూకోండి" అన్నారు.

అప్పుడు ఆ గట్టు మీదే కళ్ళు మూసుకున్నాను. ఉపవాసం లేదు, మైకు లేదు. "ప్రభువా, నేను అబద్ధం చెప్పాను, క్షమించు. నా భయం నా దగ్గరే ఉంది. నువ్వు తీసినప్పుడే తియ్యి. అంతదాకా భయంతో ఉన్నదాన్ని ఉన్నట్టే నా కూతురింటికి తీసుకుపో." ఆరేళ్ళలో నేను చేసిన నిజమైన ప్రార్థన అదొక్కటే. వణుకు ఆగిందా అంటే ఆగలేదు. కానీ వణికే కాలే లేచి జీపెక్కింది, అదే నా దేవుడు చేసిన అద్భుతం.

కొండ వైపు నేను, నన్ను ఆనుకుని కరుణమ్మ, లోయ వైపు రూతు. మలుపు వచ్చినప్పుడల్లా మస్తాన్ భాయ్ హారను కొట్టడం, మేం ముగ్గురం గొంతు చించుకుని స్తోత్రం అనడం, ఎదురొచ్చే బైకుల వాళ్ళు మమ్మల్ని చూసి పిచ్చెక్కిందనుకునే ఉంటారు. చివరికి ఆ మలుపు వచ్చింది. జీపు ఆపమన్నది నేనే. కళ్ళు తెరిచి చూద్దును కదా, మా బస్సు చక్రం వేలాడిన చోటికి కాస్త ఇవతల గోనెపట్టా పరుచుకుని ఒకావిడ పనస తొనలు అమ్ముతోంది! ఆరేళ్ళు నేను వణికిన చోట ఆవిడ రోజూ వచ్చి కూర్చుని బేరం చేసుకుంటోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను, ఆవిడకి మాడుగుల హల్వా పెట్టి, ఆవిడ తొనలు మేం తిన్నాం. అంత తియ్యటి పనస నేనెప్పుడూ తినలేదు.

పాడేరులో ఒక విశ్వాసి ఇంట్లో ఉన్నాం, చల్లగాలికి మే నెలలో దుప్పటి కప్పుకున్నాం. రెండో రోజు చింతపల్లి. వీధి చివర జీపు దిగి నడిచి వెళ్తే నా కూతురు గుమ్మంలో బియ్యం చెరుగుతోంది, నన్ను చూసి చేట కింద పెట్టడం కూడా మర్చిపోయింది. మనవరాలు నన్ను గుర్తుపట్టక ఏడుపు లంకించుకుంది, పోనీలెండి, కాసేపటికి ఒళ్ళో కూర్చుంది.

తర్వాత ప్రశాంతి లోపలికెళ్ళి పెద్ద గుడ్డసంచీ తెచ్చి నా ముందు పెట్టింది. చూస్తే కుట్లు ఊడిన జాకెట్లు, అంచు పోయిన లంగాలు, అల్లుడి చొక్కాలు. "వీధిలో టైలరు లేడేటే?" అని అడిగాను. "ఉన్నాడమ్మా. నువ్వొత్తావు కదా, నువ్వే కుడతావని అట్టే పెట్టేను" అంది. నేను నా భయం పోయిందని చెప్పుకున్నాను గానీ నమ్మలేదు, నా బిడ్డ ఒక్క మాట చెప్పకుండా ఏడాది పాటు చిరిగిన బట్టలు దాచి నమ్మింది. విశ్వాసం ఎలా ఉంటుందో నాకు ఆ సంచీలో కనపడింది.

ఆ రాత్రి కుట్టగలిగినన్ని కుట్టిచ్చి, మూడో రోజు లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగి వచ్చేశాం, దిగుడు మలుపుల్లో కూడా కళ్ళు తెరుచుకునే ఉన్నాను. కాబట్టి పాత సాక్ష్యం కొట్టేయండి. పిల్లలకి ప్రార్థన చేయించుకున్న తల్లులు నన్ను క్షమించండి. ఇక్కడ ఎవరైనా అంతా బాగుందని పైకి చెప్పి లోపల వణుకుతూ కూర్చుంటే, ఆ వణుకుతోనే ఆయన దగ్గరికి రండి, పోయాక వద్దామని నాలాగా ఆరేళ్ళు పోగొట్టుకోకండి. నన్ను మోసుకెళ్ళిన ప్రభువుకీ, ఆయన పంపిన ఆ ఇద్దరికీ, హారను కొట్టిన మస్తాన్ భాయ్‌కీ నా కృతజ్ఞతలు.

నాకు ఇంకా కాస్త భయమే. కానీ ఆ సంచీలో నాలుగు జాకెట్లు మిగిలిపోయాయి, వచ్చే నెల మళ్ళీ కొండెక్కుతున్నాను. జీపులో ఒక చోటు ఖాళీగా ఉంది, కొండ వైపుదే.