గట్టు వెంబడి తవుడు

గోరంత సెమీకండక్టర్ పలక మీద బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టి బాగా చల్లబరిస్తే, లోపలి ఎలక్ట్రాన్లు ఉన్నచోటే గిరగిర తిరుగుతుంటాయి. ముందుకు సాగేవి అంచునున్నవే, అవీ ఒక్క దిక్కుకే. అంచున ఒకచోట చిన్న కదలిక పుట్టిస్తే అది అలలా అంచు వెంటే పోతుంది. దారిలో ఏదైనా అడ్డొస్తే చుట్టి పోతుందేగాని వెనక్కి తిరగదు. ఆ అలని పట్టుకోవాలని బెంగళూరు ల్యాబులో నాలుగేళ్లు కూర్చున్నాను. పట్టుకోకుండానే వచ్చేశాను. ఫెలోషిప్ అయిపోయింది, భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఒక్క ఏడాదే అనుకున్నాను, పన్నెండేళ్లయింది. ఇప్పటికీ ఆ పలకని చల్లబరిచే హీలియం పంపు చప్పుడు మీద బెంగ నాకు.

మొన్న మా గైడుగారు మెసేజ్ పెట్టారు. వేసవి సెలవుల్లో వచ్చి నీ పని నువ్వే ముగించు, ఆదివారంలోగా చెప్పు అని. ఈ వయసులో వెనక్కెలా వెళ్తానని జవాబివ్వలేదు.

ఆ ఆదివారమే మొగల్తూరు దగ్గర అన్నయ్య రొయ్యల చెరువుకెళ్లాను. రిపేరయి వచ్చిన, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్‌ని నీళ్లలో తాళ్లతో కడుతుంటే నేనూ ఓ చెయ్యి వేశాను. చెరువులో ఏరియేటర్లన్నీ నీళ్లని గట్టు వెంబడి ఒకే వైపు తొయ్యాలి, అప్పుడే చెత్త నడిమికి చేరుతుంది. స్విచ్ వేశాక, నీటి నడక చూడ్డానికి అన్నయ్య గుప్పెడు తవుడు విసిరాడు. అది మూలదాకా వెళ్లి ఆగిపోయింది. నేను వైపు చూపించి కట్టించిన ఏరియేటర్ ఎదురు తిరిగి ఉంది. ఒకే దిక్కు, ఒకే దిక్కు అని నాలుగేళ్లు జపం చేసినదాన్ని! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

“ఇదేనేంటమ్మాయ్ నువ్వు చదివింది?” అన్నాడు నవ్వుతూ.

స్విచ్ ఆపి, తాళ్లు విప్పి తిప్పి కడుతూ అంతా చెప్పాను, ఆ అల సంగతి, గైడుగారి మెసేజుతో సహా.

“మరి చూశావా దాన్ని?”

“లేదన్నయ్యా.” ఆఖరి ముడి బిగించాను.

అన్నయ్య స్విచ్ వేసి, నా కాళ్ల ముందు మళ్లీ తవుడు విసిరి, అక్కడే ఉండమన్నాడు. ఎండలో నిలబడ్డాం. చెదిరింది చెదరగా మిగిలిన తవుడు గట్టు వెంబడి పోయి, నాలుగు మూలలూ తిరిగి, నా కాళ్ల దగ్గరికొచ్చింది.

“వెనక్కి తిరగదన్నావు. తిరక్కుండానే వచ్చింది కదా,” అన్నాడు.

తడి చేత్తోనే ఫోను తీసి గైడుగారికి “వస్తున్నానండి” అని పెట్టాను.