నాప్పదు ఎట్టా?

జట్లుగా ఆడే టెన్నిస్ లీగ్ మన వైపు మొదలైన రెండో ఏడు అది. మా జట్టు క్యాంపు తిరువళ్లూరు దాటి పూండి రోడ్డులో జరిగేది. నేను ఆ జట్టుకు స్ట్రింగర్‌ని, అంటే రాకెట్లకు తీగలు బిగించేవాణ్ణి. మాది అత్తిమంజేరిపేట, మగ్గం ఇల్లు. రాకెట్‌లో నిలువు తీగలను మెయిన్స్ అంటారు, అడ్డతీగలను క్రాసెస్ అంటారు. నాకు మాత్రం అవి పడుగూ పేకే. "చీర నెయ్యరా అంటే వల నేస్తా ఉండావే" అని మా నాయన ఎగతాళి చేసేవాడు.

ఆ తొలి సీజన్లలో ఉన్నంత సంతోషంగా మళ్లీ ఎన్నడూ పని చేయలేదు. ఆ ఆటలో ఒకరు గెలిస్తే చాలదు, అందరూ గెలిచిన గేములు కలిపి లెక్క. అందుకని ఓడిపోయి వచ్చినవాడు కూడా పక్కవాడి కోసం గొంతు చించుకొనేవాడు. ఆ అరుపులు మళ్లీ ఒక్కసారి వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

హేమ మా జట్టులో డబుల్స్ ఆడేది. వెంగల్ ఊరి పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అంకెలన్నీ తమిళంలోనే వచ్చేవి. ఆమె రాకెట్‌కు టెన్షన్, అంటే తీగ బిగువు, ఎప్పుడూ యాభై రెండు పౌండ్లు. సీజన్ చివరి మ్యాచ్‌కు ముందు, మైకులో పాట మోగుతుండగా, నేను తీగలు బిగించే గది గుమ్మంలోంచి కేక వేసింది.

"అన్నా, మోచెయ్యి పీకతా ఉండాది. నాప్పదు ఎట్టా?"

"సరేమ్మా, పో" అన్నాను, మెషిన్ మీద నుంచి తల ఎత్తకుండానే.

బిగువు తగ్గితే చేతికి అదురు తగ్గుతుంది, నాలుగు పౌండ్లు తగ్గించమంటోందనుకొని నలభై ఎనిమిదికి బిగించాను. తొందరలో అంకె రాసిన చీటీ అతికించలేదు. మిక్స్‌డ్ డబుల్స్ మధ్యలో హేమ మోచెయ్యి పట్టుకొని కోర్టులోనే కూలబడింది. మ్యాచ్ పోయింది. మరుసటి ఏడు జట్టే లేకుండా పోయింది. నేను తిరుత్తణిలో ఆట సామాన్ల అంగడి పెట్టుకొన్నాను.

నిరుడు హేమ ఆ అంగడికి వచ్చింది. ఇప్పుడు బడిలో పీటీ టీచరట, పిల్లలకు బంతులు కావాలంది.

"ఆట ఎందుకు ఇడిసిపెట్టినావమ్మా? చెయ్యి నయమైంది గదా?"

"చెయ్యి నయమైంది గానీ ధైర్యం పోయిందన్నా. నాప్పదులోనే అంత నొచ్చినాక, ఇంక ఈ చెయ్యి ఆటకు పనికిరాదనుకొన్నా."

"నాప్పత్తెట్టు గదా నువ్వు అడిగింది?"

"లేదన్నా. నాప్పదు పెడితే ఎట్టా ఉంటాదని అడిగినా."

తమిళంలో నాప్పదు అంటే నలభై, ఎట్టు అంటే ఎనిమిది, రెండూ కలిస్తే నాప్పత్తెట్టు, నలభై ఎనిమిది. ఆమె తెలుగులో 'ఎట్టా' అని సలహా అడిగితే, నేను తమిళంలో ఎనిమిది విన్నాను. రెండు భాషలూ వచ్చని మురిసిపోయేవాణ్ణి, ఆ రెండింటి సందున పిల్లను పడేశాను. దాచుదామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. దాచలేక, ఆ రోజు బిగించింది నలభై ఎనిమిదికని చెప్పేశాను.

హేమ చేతిలోని బంతులు బల్ల మీద పెట్టేసింది.

"అయితే నేను ఆడుండొచ్చునా అన్నా?" అంది.

ఇప్పుడు ఎవరు అంకె చెప్పినా చేతిలో పని ఆపేసి, చీటీ మీద వాళ్ల చేతనే రాయిస్తాను. ఆ సంగతి నాకు నేర్పింది ఇంతే, దానికి ఆ పిల్ల ఆట పోవాల్సి వచ్చింది.

ఆ రోజే ఆమెను కూర్చోబెట్టి, ఒక రాకెట్ నలభైకి బిగించి ఇచ్చాను. తీగల మీద అరచెయ్యి ఆనించి, "ఎంత మెత్తగా ఉండాదన్నా!" అంది. అని, తిరిగి నా చేతికే ఇచ్చేసింది.