అమావాస్య నాడు మగ్గాలు చూసిన సారు

ఆ సారు మా వీధికి మొదటిసారి వచ్చింది అమావాస్య నాడు. గద్వాలలో అమావాస్య నాడు ఏ నేతగాడూ మగ్గం గుంటలో దిగడు. గుంట ఊడ్చి, మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, ఆ పూటకు కాళ్ళకూ చేతులకూ సెలవిస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? చెప్పగలిగిన వాళ్ళం వీధి నిండా ఉన్నాం. ఒక్కరమూ నోరు విప్పలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా నలుగురైదుగురి జేబుల్లోనే ఉన్న రోజులవి. మా నేత సంఘం వాళ్ళకు కంప్యూటర్ పెట్టాలని బుద్ధి పుట్టింది. ఎవరికి ఎంత పట్టు ఇచ్చారు, ఏ మగ్గం మీద ఏ అంచు నడుస్తోంది, చీర మగ్గం మీంచి ఎప్పుడు దిగుతుంది, అన్నీ అందులో ఉంటాయట. కొనేముందు, అసలు అది మాకు పనికొస్తుందా, పెడితే నడుస్తుందా అని చూసిపోవడానికి ఈ సారును పిలిపించారు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. సంఘం స్టోరులో పట్టూ నూలూ ఇచ్చి చీరలు తీసుకునే భాయ్ ఆయన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాడు.

మా గడప ముందు నిలబడి భాయ్ ఆయన చెవిలో ఏదో అన్నాడు. మా గుట్టు చెప్పేశాడనుకున్నాను.

ఎందుకంటే మా ఇంట్లో ఒక మాట దాచి ఉంది. సంఘం పుస్తకంలో సభ్యుడు మా ఆయన. నేసేది నేను. అప్పటికి రెండేళ్ళుగా ఆయనకు కళ్ళు మసకబారుతూ వచ్చి, నీడ తప్ప ఏమీ కనిపించని దాకా వచ్చింది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదనే కలుపుతూ నేయాలి కనుక ఇద్దరు కూర్చోవాలి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన గుంటలో కూర్చుంటే, నేను పక్కన కూర్చుని అంచు నాడె, అదే పట్టుదారం కండె పెట్టి అటూ ఇటూ తోసేది, అందించేదాన్ని. ఇప్పుడు చోట్లు మార్చుకున్నాం. నేను గుంటలో, ఆయన పక్కన. వేళ్ళతో తడుముకుంటూ అంచు నాడె అందుకుంటాడు. నేసే సభ్యుడికే నూలు అని సంఘం నియమం. నేయడం మానితే ఆ నూలు వేరొకరికి పోతుంది. మా పొయ్యి వెలగడం ఆ ఒక్క మగ్గం మీదే.

సారు అరుగు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. పడుగు ఎక్కించడానికి ఎన్నాళ్ళు, పట్టు తక్కువైతే ఎవరికి చెబుతారు, కరెంటు ఎన్ని గంటలుంటుంది, అంచు రకం మారితే ఎవరు రాసుకుంటారు. కంప్యూటర్ మాట ఒక్కటి లేదు. నాకు అక్కడే తేడా కొట్టింది.

"సారూ, కంప్యూటర్ ఏది?" అన్నాను.

"ఇంకా కొనలేదమ్మా."

"కొననిదానికి గిన్ని ప్రశ్నలేంది?"

ఆయన నవ్వాడు. "పనెట్లా నడుస్తుందో తెలియకుండా కొంటే మూలన పడుంటుందమ్మా. అందుకే ముందు అడుగుతున్నా. సరే, మగ్గం ఎవరు నేస్తారు?"

"గాయననే," అని మా ఆయన వైపు చెయ్యి చూపించాను. ఆయన తల వంచుకుని దారం కండెల బుట్ట సర్దుతున్నట్టు ఊరికే వేళ్ళు కదిలించాడు. సారు రాసుకున్నాడు. పెన్సిల్‌తో రాశాడు. అదొక అనుమానం. నిజమైన రాత ఎవరైనా పెన్సిల్‌తో రాస్తారా?

ఆ వారమే వనపర్తి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. విషయం విని రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"వదినె, జర పైలం. మా దిక్కు ఒక ఆఫీసుల కంప్యూటర్ వెట్టిండ్రు. లిస్టుల పేరు లేనోళ్ళను గేటుకాడనే ఆపిండ్రంట."

"మన పేరు ఉన్నది గదనే," అన్నాడు మా ఆయన.

"పేరున్నది అన్నా, కండ్లు లెవ్వు గద!"

ఆమె మాటలకు ముందూ వెనకా ఉండవు. కానీ ఆమె వెళ్ళాక మా ఆయన, "ఈ దాపరికం నాతోని కాదు. మనమే చెప్పేద్దాం," అన్నాడు. "నోరు మూసుకో," అన్నాను. ఆయన్ను అంత మాట అనడం నాకు అదే మొదలు.

పది రోజులకు సారు మళ్ళీ వచ్చాడు. ఈసారి భాయ్ లేడు, కబురు లేదు, ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం పూట, తలుపు బార్లా తెరిచి ఉంది. గుంటలో నేను. పక్కన చేతులు చాచి, నాడె కోసం మా ఆయన. చీర సగం నేసి ఉంది. నేను లేవబోయి కొంగు తట్టుకుని కూలబడ్డాను.

"లేవకండమ్మా, నేయండి," అన్నాడు సారు. "ఆ రోజు నేను చూసిన మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. స్టోరులో చూస్తే చీరలు వస్తూనే ఉన్నాయి. లెక్క కలవలేదు. అందుకే వచ్చా."

చాలాసేపు చూశాడు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. 

నేరుగా స్టోరుకు పోయాను. భాయ్ చీరలు మడతపెడుతున్నాడు.

"నువ్వే చెప్పినవ్ గద భాయ్! ఆ పొద్దు గడపకాడ చెవుల చెప్పినవ్. నేను చూసిన."

"ఏం చెప్పిన్నే చెల్లె? కుక్క ఉంటది, జర దూరం నిలవడుమని చెప్పిన." చేతిలోని చీర పక్కన పెట్టాడు. "రెండేండ్ల సంది నీ చేతి చీర మడతవెడుతున్న. మీ ఆయన అంచు కలిపితే గట్టిగ ఉంటుండె, నీది మెత్తగ ఉంటది. నాకు తెల్వదనుకుంటున్నవా? చెప్పేటోన్నైతే మగ్గాలు నడ్వని అమాస నాడు ఎందుకు తోల్కొస్త? ఇంకో దినం దొర్కలేదా?"

 ఇన్నాళ్ళూ నేను ఎవరిని అనుమానించానో ఆయనే మమ్మల్ని కాచుకుంటూ వచ్చాడు.

"నాకు తెల్సింది నేను కడుపుల వెట్టుకుంట," అన్నాడు భాయ్. "కంప్యూటర్‌కు కడుపెక్కడిది? గందుకే నాగ్గూడ పరేషాన్ ఉన్నది."

నెల తిరిగేలోపు సంఘం మీటింగు పెట్టారు. సారు తన కాగితాలు తెచ్చి చదివాడు. ఇప్పుడే కంప్యూటర్ కొనవద్దన్నాడు. కరెంటు చాలదు, నేర్చుకునేవాళ్ళు కావాలి, అవన్నీ సర్దుకోవచ్చు. "కానీ మీ పుస్తకంలో పేరు ఒకరిది, మగ్గం మీద చెయ్యి ఇంకొకరిది. ఆ పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎక్కిస్తే, కంప్యూటర్ అబద్ధాన్నే తొందరగా చూపిస్తుంది. ముందు పేర్లు సరిచేసుకోండి."

"ఎవరెవరు అట్లున్నరో చెప్పు సారూ," అన్నాడు సంఘం పెద్దాయన.

"నేను చెప్పను. వాళ్ళే చెప్పుకోవాలి. నిజం చెప్పినవాళ్ళ నూలు ఆపబోమని మీరు మాటివ్వాలి."

"ఇస్తిమి," అన్నాడు పెద్దాయన.

ఇదొక వల అని నా లోపల ఒకటే రొద. సారూ పెద్దాయనా ముందే మాట్లాడుకుని ఇట్లా అడిగిస్తున్నారని, నోరు తెరిచినవాళ్ళ పేర్లు రేపే కొట్టేస్తారని. మా ఆయన కదులుతున్నాడని తెలిసి అంగీ కొస పట్టుకున్నాను. విదిలించుకుని లేచాడు.

"నా మగ్గం నా పెండ్లాం నేస్తది. నాకు కండ్లు కనవడవు."



"మరి నువ్వేం జేస్తున్నవ్‌రా?" అన్నాడు పెద్దాయన.

"అంచు నాడె అందుకుంట. జారిస్తే తిడ్తది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వెనక నుంచి ఇంకొకామె లేచింది, ఆ తరవాత ఒక ముసలాయన కోడలిని లేపాడు. మా ఒక్క ఇల్లే అనుకున్నాను. మా వీధిలోనే నాలుగు ఇళ్ళు అట్లా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

"సరే, ఇగ కూసోండ్రి. ఎవరి నూలూ ఆగది," అన్నాడు పెద్దాయన.

నేను లేచాను. "నోటి మాట చాలది. రాతల ఇయ్యుండ్రి."

"నా మాట మీద నమ్మకం లేదా అమ్మా?"

"లేదు."

సారు తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. పెద్దాయన ముఖం ముడుచుకుని కాగితం తెప్పించి రాయించాడు. నేను మూడో తరగతి దాకానే చదివినదాన్ని. ఆ కాగితం తీసుకుని, అంతమంది ముందు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మా ఆయన పేరు ఉంది, దాని పక్కన 'భార్య' అని ఉంది. నేను లేను.

"నా పేరేది?" అన్నాను.

"భార్య అంటే నువ్వే గద తల్లీ!"

"నేసేది భార్య గాదు, నేను."

కాగితం వెనక్కి ఇచ్చాను. పెద్దాయన భాయ్ వైపు చూశాడు. భాయ్ గోడ వైపు చూశాడు. చివరికి సారు తన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. పెన్సిల్ కాదు. పెద్దాయన 'భార్య' పక్కన నా పేరు రాశాడు. మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను.

అప్పుడు కూర్చున్నాను.